సేవా గంటలు

నిజం చెప్పాలె, నేను సర్టిఫికెట్ కోసమే చేరిన.
నూట ఇరవై గంటలు నిండితే
ప్రిన్సిపాల్ సంతకం, గుండ్రటి ముద్ర,
సత్ప్రవర్తన గల విద్యార్థిని అని ఒక వరుస.
బాలకిష్టయ్య సార్ చంకల నీలి అట్ట రిజిస్టరు:
తేదీ, పని, వచ్చిన గంట, పోయిన గంట.
నాలుగు గీతల నడుమ మనిషి గుణం ఎట్ల పడుతదని
నాకప్పుడు అనుమానం రాలే.

మొదటి నెల మొక్కలు నాటినం, ఫోటో దిగినం.
రెండో నెల అవే గుంతల్ల మళ్ల నాటినం.
ట్యాంక్‌బండ్ మీద ర్యాలీ తీసినం,
ఓటు మన హక్కు అని గొంతు పోయేదాంక ఒర్రినం.
మాల ఒక్కలకు గూడ ఓటు లేదు.
సమోసాలిచ్చిన్రు. రెండు గంటలు రాసిన్రు.

మూడో నెలకెల్లి శనివారాలు
అఫ్జల్‌గంజ్ పెద్దాసుపత్రి.
చిట్టీల కౌంటరు ముంగట ఒక బల్ల, రెండు కుర్చీలు,
దారం కట్టిన పెన్ను, నేను, తహ్సీన్.
సదువు రానోళ్లకు ఫారాలు నింపుడు, గంతే పని.
వయసెంత తాతా అంటే
నువ్వే చూసి రాయి బిడ్డా అన్నడొకాయన.
నేను అరవై రాసిన. మొఖం చిన్నగ జేసుకున్నడు.
యాభై ఐదు చేసిన.

ఇగ ఆ శనివారం.
కాటేదాన్ దిక్కుకెల్లి ఇస్త్రీ చొక్కా ఆయన
ఒక పిలగాన్ని తోలుకొచ్చిండు.
కుడిచెయ్యి మోచేతి దాంక కాలింది,
పైన పాల కవర్లు కోసి చుట్టిన్రు.
"రాజు. పద్దెనిమిదేండ్లు. ఇంట్ల పొయ్యి కాడ కాలింది.
రాయమ్మా, జల్ది."
రాసిన.
దారం కట్టిన పెన్ను
ఎవలు గుంజితే అటే పోతది.

తహ్సీన్ ఫారం దిక్కు చూడలే. పిలగాని దిక్కు చూసింది.
"నామ్ క్యా రే బేటా?"
"మంటూ."
"ఉమర్?"
"తేరా."
వాని భాషల తేరా అంటే పదమూడు.
మా ఇంట్ల తేరగ అంటే, ఊరికే దొరికింది.
రెండూ ఆ చెయ్యి మీదనే ఉన్నయి.

ఆయన కోపం జెయ్యలే. నవ్విండు.
"కాలేజీ పిల్లలు, మీకెందుకమ్మా ఇదంత."
నా నోట్ల తడి ఆరింది.
ట్యాంక్‌బండ్ మీద అంతగనం ఒర్రిన నోరే.
తహ్సీన్ పద్దెనిమిదిని అడ్డంగ కొట్టేసి
కింద పదమూడు వేసింది.
"సంతకం నువ్వు పెట్టు, నింపింది నువ్వే గదా" అన్నది.
పెట్టిన. నా పేరు నాకే వంకరగ కనిపించింది.

ఫోన్ మాట్లాడుకుంట గేటు దాటినాయన మళ్ల రాలే.
డాక్టరమ్మ ఎవరికో కబురు పంపింది.
మేం మంచం కాడ కూసున్నం.
ఎడమచేత్తోని చాయ్ తాగుడు రాక
వాడు సగం ఒలకబోసుకున్నడు,
మమ్ముల చూసి సిగ్గుపడి నవ్విండు.
చీకటి పడ్డంక వార్డుల గంట కొట్టిన్రు,
అందరు బయటికి పోవాలె అని.
ఆ గంట రిజిస్టరుల ఎక్కలే.
పని ఒంటిగంటకే అయిపోయింది గదా అన్నడు సార్,
రెండు వేసి, అద్దాలు తీసి,
ఇంకేదో అందామనుకుని అనలే.

మళ్ల శనివారం ఆ మంచం మీద వేరే ఎవరో.
హోంకు తీస్కపోయిన్రని నర్సు,
మామ వచ్చి తీస్కపోయిండని ఆయా.
ఇప్పటికీ నాకు తెల్వదు.

సర్టిఫికెట్ వచ్చింది. నాన్న కోఠీల లామినేషన్ చేయించిండు.
సత్ప్రవర్తన అన్న మాట కాడ
వెలుతురు పడి మెరుస్తది, సదవరాదు.

ఇప్పుడు చిలకలగూడల మీసేవ కౌంటర్ల కూసుంట.
ఆమె పక్కన నిలబడి ఆమె పేరు ఇంకొకాయన చెప్తడు,
ఆమె వయసు ఇంకొకాయన చెప్తడు.
వేళ్లు కీబోర్డు మీద ఆగుతయి.
"మీరు జర ఆగుండ్రి. అమ్మా, నువ్వు చెప్పు."
ఆమె చెప్పేటందుకు కొంచెం సేపు పడుతది.
వెనక లైను సణుగుతది.
సణగనీ.