ప్రమాణం లేని పన్నెండు

ఫిజిక్సులో అరమార్కు పోయింది.
జవాబు సరైందే, పక్కన ప్రమాణం రాయలేదట.

మా చేలగట్టు మీద బుల్లెబ్బాయి మావయ్య
"ఈ దాళవా నలభై" అంటే
బస్తాలా అని ఎవరూ అడగరు.
వినే చెవిదీ ఈ మట్టే.
కాగితానిది ఏ ఊరో!

వరద రాత్రి, లొల్ల లాకుల దగ్గర
నాన్న డ్యూటీ. ఫోనులో "పన్నెండు" అని
లైను తెగింది.
అడుగులా? అంగుళాలా? గంటలా?
షట్టరు చక్రం మీద చెయ్యి పెట్టి
తిప్పకుండా నిలబడ్డాడు.

నేనో? లోతును ప్రవాహంతో కూడేశాను.
క్యూసెక్కులో అడుగు ముమ్మారు ఉంది,
కింద సెకను ఉంది;
ఆ సెకనును మింగేశాను.

ఫోను మళ్లీ మోగింది.
అవతలివాడు నోరు తెరవకముందే
"పన్నెండు ఏంటయ్యా?" అన్నాడు నాన్న,
ప్రమాణం చేయించకుండా
సాక్షిని మాట్లాడనివ్వని జడ్జీలా.