ఇరైదా కొత్త ఉద్యోగం

స్టావాంగర్‌లో అక్టోబరంటే
బస్‌స్టాపు చేరేలోగా గొడుగు రెండుసార్లు తిరగబడటం.
మూడో అంతస్తులో ఆవిడ బల్ల ఖాళీ అయింది.
సొరుగులో ఒక భూతద్దం,
సగం తినేసిన అల్లం బిళ్ళలు,
మరకైబో సరస్సు బొమ్మున్న కప్పు, దానికి పిడి లేదు.

ఇరవై రెండేళ్ళు ఆవిడ పని
సముద్రం అడుగున మూడు కిలోమీటర్ల లోతునుంచి
పైకి లాగిన రాతికడ్డీని నాలిక చివరతో తాకి
ఇది ఇసుక, ఇది ఒండ్రు,
ఇక్కడ చమురు ఉంటే ఉండొచ్చు, అనడం.
పదిహేను కోట్ల ఏళ్ళని
పదిహేను స్లయిడ్లలో సర్దేది.

యాభై ఒకటో ఏట కంపెనీ ఒక కాగితమిచ్చింది:
పద్దెనిమిది నెలల జీతం, కింద సంతకానికి చోటు.
గుండెల్లో రాయి పడలేదా, అనడిగాను.
"పడింది. వయసు చూశాను. చిన్నదే," అంది.

ఇప్పుడు హిల్లెవోగ్‌లో పసిపిల్లల బడి.
తెల్లారితే నలభై రబ్బరు బూట్లకి జతలు వెతకాలి.
వాన పడితే పిల్లల్ని లోపలికి పిలవరిక్కడ,
వాళ్ళతోపాటే తడవాలి.
నాలుగేళ్ళ సన్నివా
నడుంమీద చేతులుంచుకుని
ఆవిడ నార్వేజియన్‌ని దిద్దుతుంది.
డాక్టరేటున్న నోరు
బుద్ధిగా మూడుసార్లు అదే మాట అంటుంది.

మొన్న బస్సులో కనబడింది. మోకాళ్ళనిండా బురద.
కోటు జేబులు జారిపోయేటన్ని గులకరాళ్ళు.
"రోజూ ఇస్తారు. వద్దంటే ఏడుస్తారు."
వాటి వయసు చెప్తావా వాళ్ళకి?
"అదెవరిక్కావాలి!
ఏ రాయి అలిగింది, ఏది నిద్రపోయింది, అంతే."

అంతా బాగుందని మాత్రం అనలేదు.
జీతం మూడోవంతుకి దిగింది, నడుం పట్టేస్తోంది.
రాత్రుళ్ళు కలలో ఇంకా డ్రిల్లు తిరుగుతుందట,
ఉలిక్కిపడి లేస్తే వంటింట్లో గిన్నెల మిషనట.

నాది కుమాసి. నేను లెక్కలవాణ్ణి. నలభై తొమ్మిది.
అలాంటి కాగితమే నా సంచిలోనూ ఉంది,
శుక్రవారం దాకా గడువు.
ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.
దిగబోతూ, ఏం కనిపెట్టిందో,
నా అరచేతిలో ఒక రాయి పెట్టి వేళ్ళు మూసింది.

ఇంటికొచ్చి దాన్ని కాగితం మీదుంచాను.
గదిలో గాలేమీ లేదు.
చాలాసేపటికి, ఎవరూ చూడట్లేదు కదాని,
నాలిక చివరతో తాకాను.
ఉప్పగా ఉంది.
అంతకుమించి నాకేమీ తెలియలేదు.