ఓదెలు చదివిన రీలు

ఖాజా పాతసామాన్ల కొట్టులో
తూకానికి కొన్న తగరం డబ్బా.
మూత తీస్తే పులిసిన గంజి వాసన,
లోపల నాలుగు నిమిషాల వరంగల్లు.

కొత్తవాడలో చిలువేరు ఓదెలు ఇంటి గోడకు
అమ్ముడుపోని తెల్ల దుప్పటి కట్టి
చేతిమర తిప్పాను.

మొదట అక్షరాలు, ఉర్దూలో, ఇంగ్లీషులో:
మిల్లు ప్రారంభం.
దొరవారికి కార్మికుల ఆనంద స్వాగతం.
తర్వాత గేటు. గేటు ముందు మోటారు కారు.
రుమీ టోపీలు, బంతిపూల దండలు,
ఎండకు కళ్లు చిట్లించిన మూడు వందల మంది
చీమలు తొక్కినట్టు గబగబా లోపలికి.

"గంత ఉరుకుడేంది? మిల్లుకు ఎవడన్న గట్ల ఉరుకుతడా?
మెల్లగ తిప్పు."

మెల్లగా తిప్పాను.
జనం మనుషుల నడకలోకి దిగారు.

ముప్ఫై ఏళ్లు సాంచెల మోతలో నిలబడ్డవాడు.
అక్కడ మాట చెవి దాకా రాదు.
నీళ్లడిగినా, తిట్టినా, బిడ్డ పుట్టిందని చెప్పినా
పెదవుల మీదే చదువుకోవాలి.
చెవులు మిల్లుకిచ్చి వచ్చాడు,
ఆ చదువొక్కటి ఇంటికి తెచ్చుకున్నాడు.

దుప్పటి దగ్గరికి జరిగాడు.
"గీ రుమాలాయన కాళ్లు గుంజుతున్నయంటుండు.
పక్కోడు, పొద్దటి సంది నిలవెట్టిండ్రు, ఇంకెప్పుడొస్తడంటుండు.
వీడు... గిది ఆడోళ్ల ముందట చెప్పేది కాదు."
ఒక్కడే నవ్వుకున్నాడు.
లోపల బియ్యం చెరుగుతూ రాజవ్వ, "ఏందట?"

ఆఖర్న ఒక ఆడమనిషి. చంకలో పిల్ల.
ఇటు తిరిగి, కెమెరాతోనే ఏదో అంటోంది.
"ఆపు," నా చెయ్యి పట్టుకున్నాడు.
"ఆపు. గామె మనతోని మాట్లాడుతాంది."

ఆపకూడదని తెలుసు. ఆపాను.
బల్బు వేడికి బొమ్మ మీద గోధుమరంగు బొబ్బ లేచింది.
సరిగ్గా నోటి దగ్గరే చిల్లు.
నేను రీలు గుంజేలోపల
తోక దాకా పటపటా ముడుచుకుపోయింది.

కాలిన గోరు వాసన. ఖాళీ దుప్పటి మీద వెలుగు.

"గా పెట్టెల మమ్ముల... గంతవరకే అందింది," అన్నాడు.
"పెట్టెల మమ్ముల ఏం జేస్తరనో. ఏమో."
కొంచెంసేపటికి: "ఎంత పోయింది?"

మోచేతి నుంచి వేలికొస దాకా చూపించాను.

"మూరెడు," అన్నాడు.
"బట్టయితే మల్ల నేద్దును."

లోపల్నుంచి రాజవ్వ, చేట ఆపి,
"ఏమన్నదట గామె?"
ఓదెలుకు వినపడలేదు.