పట్టా ముక్క

మా వాడ బడికి గంట లేకుండె.
కాజీపేట లైన్ల గాంగ్‌మన్ పని చేసే రాజపోశు తాత
మూరెడు రైలు పట్టా ముక్కను
భుజం మీద గోనెసంచి ఏసుకొని మోసుకొచ్చిండు.
భూమి పట్టా ఎరుగని వాడకు
అదే మొదటి పట్టా.

ఓదెలు సారు కొడితే
మత్తడి మీది కొంగలు లేచేటియి.
మా వాడ మనిషే. తొడపాశం పెట్టేటోడు.
కని ఇంటిపేరుతోని పిలిచేటోడు:
"కన్నూరి సారక్క!"
నేను పలికేదాక రిజిస్టర్ల నుంచి తల ఎత్తకపోయేది.

ఒకనాడు పైనుంచి కాయితం వచ్చింది,
ఇగ ఊరికి ఒక్కటే బడి అని.
వాడంత సంబురం. మా అవ్వ
చెంపలకు కారేటట్టు నూనె రాసింది.
పదిహేడు మందిమి కాలువ దాటినం.

పెద్దబడిల బల్లలున్నయి. గోడకు ఆస్ట్రేలియా ఉన్నది.
బయట కూచోమని ఎవ్వలు అనలే, అబద్ధమెందుకు.
మా బల్ల మీద మిగిలిన జాగ మాత్రం
దసరా దాక మిగిలే ఉన్నది.
హాజరుల "ఏయ్, వాడపిల్లా" అన్నడు కొత్త సారు.
పలికిన.
పలకకుంటే ఆబ్సెంటు.

ఓదెలు సారును ఏటూరునాగారం అవుతలికి ఏసిండ్రు.
వాడ బడిల మేకలు కట్టేసిండ్రు.
అడిగితే ఎవ్వలను అడగాలె?
మేం కోరుకున్నదే గదా వచ్చింది.

నా బిడ్డ ఎంజీఎంల నర్సు.
కాలువ దాటినందుకే. కాదనను.

ఇప్పుడు పొద్దుగాల ఎనిమిదింటికి పసుపురంగు బస్సు.
ఊరి పిల్లలంత టైలు కట్టుకొని హన్మకొండ పోతరు.
నా మనుమడు గూడ ఎక్కుతడు,
కిటికీ కాడ సీటు కోసం కొట్లాడుతడు.
పెద్దబడిల మిగిలింది పదకొండు మంది,
అందరు మా వాడోళ్లే.
జరుగు అనేటోళ్లు లేరు, బల్లలన్ని ఖాళీ.
మొన్న మల్లా కాయితం వచ్చింది,
పిల్లలు తక్కువున్నరు, మూస్తమని.

పట్టా ముక్క మా ఇంట్లనే ఉన్నది.
మక్కలు ఎండబోసినప్పుడు పరదా ఎగరకుంట పెడుత.
నిన్న మనుమడు ఊకెనే
రాయి తీసుకొని దాన్ని ఒక్కటి కొట్టిండు.

ముగ్గురు ముసలోళ్లు
గడపలల్లకు వచ్చి నిలబడ్డరు.
ఏమైందే అని ఎవ్వలు అడగలే.