ఇరవై కిలోల ఉప్పు

ముప్పై ఒక్క ఏళ్ళు
ఇతరుల ఎముకలు చూడటమే నా ఉద్యోగం.
"ఊపిరి బిగబట్టండి... ఇక వదలండి."
ఈ రెండు మాటల మీదే ఇల్లు కట్టుకున్నాను
షెఫీల్డ్ కొండవాలులో.

రిటైరైన ఏడాది నా ఫోటో తీసింది
నేను పని నేర్పిన పిల్ల, హెటీ.
తెర మీద నా తుంటి
చెద తిన్న దూలంలా ఉంది.
తనేమీ అనలేదు. నేనే చదువుకున్నాను.

డాక్టరమ్మ మాత్రలు రాసింది, ఎండలో నడవమంది,
ఆఖర్న, తలుపు దగ్గర,
"బరువులెత్తండి" అంది.
నవ్వొచ్చింది.
అరవై రెండేళ్ళుగా నేనెత్తనిది ఏముంది గనక?

ఆటర్‌క్లిఫ్‌లో ఒకప్పుడు ఆకురాళ్ళు చేసిన కార్ఖానా.
ఇప్పుడందులో ఫారిస్ జిమ్.
వాళ్ళ తాత యెమెన్ నుంచి ఓడెక్కి వచ్చి
ఇదే వీధిలో కొలిమి ముందు ఎండిపోయాడట.
మనవడు చల్లారిన ఇనుముతో బతుకుతున్నాడు.

గోడవారన మెత్తటి సీట్ల యంత్రాలు.
అటే నడిచాను. అడ్డొచ్చాడు.
"దాని దారి దానికుంటుంది, లవ్.
మీరు తోస్తారు, అంతే.
దీనికి దారి లేదు, చూడండి"
అని నాలుగు కిలోల డంబెల్ చేతిలో పెట్టాడు.

నిజమే, లేదు.
తల మీదికెత్తగానే తాగినవాడిలా తూలింది.
భుజం వణికింది, దాని కింద పక్కటెముకల్లో ఏదో,
ఆ కింద నడుము, ఇంకా కిందికి పోతే
ఎడమ కాలి బొటనవేలు సైతం
"ఎవరు పిలిచారు?" అంటూ లేచింది.
ఒంట్లో ఇందరు కాపురం ఉన్నారని
ఏ ఎక్స్‌రేలోనూ నాకు కనబడలేదు.

పిఠాపురంలో పంపుకి వెళ్ళే దారిలో
తాలింఖానా ఉండేది.
కిటికీ చువ్వల్లోంచి ఎర్రమట్టి, నూనె వాసన,
సంగిడీలెత్తే కుర్రాళ్ళ హుంకారాలు.
ఒక్క క్షణం ఆగానో లేదో
"ఆడపిల్లవి, నీకిక్కడేం పని?"
అప్పుడు నా చంకలో నిండు బిందె.
దాన్నెవరూ తూచలేదు.

ఇక్కడ అన్నీ తూస్తారు. పలక మీద సుద్దతో రాస్తారు.
మంగళ, శుక్రవారాలు.
"ఊపిరి బిగబట్టండి" అంటాడు ఫారిస్,
కడ్డీ నేలను వదిలాక, "ఇక వదలండి."
నా మాటలు నాకే చెప్తున్నాడని తెలీదు పాపం.

ముప్పై కిలోల దగ్గర ఆరు వారాలు ఇరుక్కుపోయాను.
ఒకరోజు కార్లో కూచుని ఏడ్చాను కూడా,
మోకాలు పచ్చి వేరుశెనక్కాయలా చిట్లిన చప్పుడుకి.
(చిట్లలేదు. చప్పుడే.)
అరచేతుల్లో కాయలు కాశాయి.
ఈ వయసులో కాపు!

ఏడాదికి మళ్ళీ స్కాన్.
అంకె పెరిగిందా అంటే, ఆ, ఏదో, చుక్క తర్వాత.
"తగ్గలేదు" అంది హెటీ.
"తగ్గలేదు" అంది మళ్ళీ.
మా వృత్తిలో అది పండగ మాట.

మొన్న జనవరిలో వాలంతా గాజైపోయింది.
వీధి మలుపులో ఉప్పు బస్తాలు దింపి పోయారు,
ఒక్కోటి ఇరవై కిలోలు.
పాదాలు పాతి, తుంటి వెనక్కి తోసి
ఒకదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను,
నిద్రపోయిన పిల్లని తీసుకున్నట్టు.

సగం దారిలో మడమ జారింది.
అయ్యో అనుకునేలోపే
ఆ బొటనవేలు, పక్కటెముకల్లోని ఆ ఏదో
నన్ను పట్టి నిలబెట్టేశాయి.
నాకొక మాటైనా చెప్పలేదు.

ఎదురింటి కుర్రాడు పరుగున వచ్చి
బస్తాకి చేతులు చాపాడు.
"గేటు తియ్యి నాయనా" అన్నాను, తెలుగులోనే.
అర్థమైనట్టే ఉంది.
తీశాడు.