పగలు గుమ్మడికాయ

టకువారెంబో ఊళ్ళో, రైలు స్టేషను వెనక వీధిలో
మా మందుల కొట్టు.
జ్వరం బిళ్ళలు కొనేవాళ్ళు నిలబడే బేరమాడి వెళ్ళిపోతారు.
ఎలాడియో మాత్రం కూర్చుంటాడు.
జేబులో చిల్లర ఏరడానికి అతని వేళ్ళకి
రేడియోలో ఒక పాటంత సేపు పడుతుంది.

నలభై రెండేళ్ళు నిప్పు ముందు నిలబడ్డ మనిషి.
గొడ్డు పక్కటెముకల్ని ముట్టుకోకుండా, చూసి,
ఇంకెంత సేపు కాలాలో చెప్పేస్తాడు.
అతను లోపలికొస్తే కట్టె పొగ కూడా వస్తుంది,
నా దూదీ స్పిరిట్టూ పక్కకి తప్పుకుంటాయి.

ఆ రోజు కోపంగా వచ్చాడు.
"నువ్వమ్మిన మాత్ర దొంగది, డెలియా.
పొద్దున వేసుకుంటే పలుకుతుంది.
మధ్యాహ్నం వేసుకుంటే ఉలకదు పలకదు.
మొన్న ఆదివారం కత్తి పట్టుకున్న చెయ్యి
కత్తి మీదే బిగుసుకుపోయింది.
చుట్టూ నలుగురూ చూస్తున్నారు."

ఆదివారం ఏం తిన్నావని అడిగాను.
పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.
ఈ దేశంలో ఎవరూ ఎవరినీ అడగని ప్రశ్న అది.

చీటీ వెనక ఒక బొమ్మ గీశాను.
ఇది పేగు. ఇది తలుపు. సన్నది.
లెవోడోపా ఇందులోంచే లోపలికెళ్ళాలి.
నువ్వు తిన్న మాంసం అరిగి, చితికి, పిండై
అదీ ఇందులోంచే.
పైన మెదడు గుమ్మం దగ్గర మళ్ళీ ఇదే తోపులాట.
మాంసం లావుపాటి చుట్టం, ఎలాడియో,
పిలవకుండానే దూరుతుంది.
నీ మాత్ర చెప్పులు చేత పట్టుకుని
బయటే నిలబడి, నిలబడి,
వెళ్ళిపోతుంది.

బొమ్మని చాలా సేపు చూశాడు.
"తలుపు వెడల్పు చేసే మందు లేదా?"
లేదన్నాను.

డాక్టరమ్మ లౌర్దెస్ పథ్యం రాసిచ్చింది:
తిండికి ముప్పావుగంట ముందు మాత్ర.
మాంసం, గుడ్లు, జున్ను పగటిపూట వద్దు.
పూర్తిగా మానొద్దు, కండ కరిగిపోతుంది,
రాత్రికి మార్చుకో.
భార్య నిల్డా ప్రేమగా కొన్న ఇనుము టానిక్కు
మాత్రకి దూరంగా, వేరే పూట.
"మరి మాతే?" అన్నాడు, కషాయం బుర్ర గుండెకి హత్తుకుని.
తాగు, అన్నాను.
ఆ రోజు అతను నవ్వింది ఆ ఒక్క మాటకే.

తరవాతి ఆదివారం నన్నూ పిలిచారు.
పదకొండున్నరకి మాత్ర మింగాడు, నీళ్ళతో.
పన్నెండుం పావుకి చేతులు తిరిగొచ్చాయి,
మేతకెళ్ళిన ఆవులు ఒక్కొక్కటే దొడ్లోకి వచ్చినట్టు.
పదకొండుమందికి కోశాడు.
ఒక్క ముక్కా చిరగలేదు,
ఒక్క చుక్క రసం బల్ల మీద పడలేదు.
తన కంచంలో ఉడికించిన గుమ్మడికాయ,
రెండు బంగాళాదుంపలు, ఉప్పు.

చేతికొచ్చిన కూడు నోటికందలేదంటారే,
అది ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.
మనవడు ఫోర్కు చాచాడు, ఒక్క ముక్క, తాతా.
వాసన చూసి, కళ్ళు మూసి,
పిల్లాడి నోట్లోనే పెట్టాడు.
చెయ్యి వణకలేదు.

రాత్రి సంగతి నిల్డా సోమవారం చెప్పింది.
అందరూ వెళ్ళాక, దాచిన ముక్క వేడి చేసిందట.
కొవ్వు అంచుతో సహా మెల్లగా తిన్నాడట,
ఎముకని కూడా వదల్లేదట.
అరగంటకి వేళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి.
"పగలు చేతులది, రాత్రి నోటిది, పంచేశాను," అన్నాడట.
"మరి నా వాటా?"
"చొక్కా గుండీలు నీవి."
విప్పిందట, పైనుంచి కిందికి,
ఏడు.

నిన్న మళ్ళీ వచ్చాడు, పొద్దున పదింటికి.
చిల్లర గబగబా ఏరి ఇచ్చాడు.
రేడియోలో పాట ఇంకా సగంలోనే ఉంది.
జేబులోంచి ఆ చీటీ జారి పడితే వంగి తీశాను.
మడతల్లో నలిగిపోయింది.
తలుపుని ఎవరో పెన్సిల్‌తో
కాస్త వెడల్పు చేశారు.