గింజల లెక్క

ముప్పై ఏళ్లు మోకాళ్ల మీదే బతికాను.
లిస్బన్ వీధుల్లో రాళ్లు పరిచే పని నాది,
తెల్ల రాయి అలలకి, నల్ల రాయి అలల అంచుకి.
ఈ పేటలో జనం నన్ను ముఖం చూసి కాదు
నడినెత్తి చూసి గుర్తుపడతారు.

మార్చి నెల. సన్నటి వాన.
జారింది నా రాళ్ల మీదే,
నేను పరిచినవే. నవ్వాలంటే నవ్వండి.
మోకాటిచిప్ప రెండు ముక్కలైంది,
మంచి రాయి సుత్తి దెబ్బకి చీలినట్టు
శుభ్రంగా, ఒకటే గీత.
డాక్టరు తీగ చుట్టి కట్టాడు.
"అతికించడం నా పని, వంచడం నీ పని" అన్నాడు.

వంచడం!
నలభై డిగ్రీలు. ఆపైన వెంట్రుకవాసి కదలదు.
ఇయొలాంద అని, నా కూతురి కన్నా చిన్నది,
ప్లాస్టిక్ కొలబద్ద పెట్టి కోణం చూసి
ముఖంలో ఏమీ కనపడనీకుండా రాసుకుంటుంది.
"మడమని మెల్లగా వెనక్కి లాగండి, అదెరీతు గారూ,
నొప్పిని పలకరించండి, పోట్లాడకండి."
నాకు పోట్లాటే వచ్చు.

ఎవరినైనా తిట్టాలంటే
బుర్ర మోకాల్లో ఉందంటారు.
నాకు నిజంగా అక్కడే ఉండేది.
ఏ వీధి ఎటు వాలిందో, వాన నీరు ఎటు పారుతుందో
కంటి కన్నా ముందు దానికే తెలిసేది.
ఇప్పుడది పసిపిల్లలా మొండికేసి
నేను పిలిస్తే పలకదు.

ఇంట్లో రోజుకి మూడు పూటలు, పూటకి ఇరవై సార్లు.
ఎర్మెలింద ఒక ఉపాయం పన్నింది.
ఒకసారి వంచితే ఒక చిక్కుడు గింజ
డబ్బాలోంచి ఇనప గిన్నెలోకి.
వారమంతా పోగైన గింజలే
శనివారం మా సూపు.

నాలుగు వారాలు బాగానే తిన్నాం.
అయిదో వారం డెబ్బై ఒకటి దగ్గర ఆగిపోయింది.
పదకొండు రోజులు అదే అంకె.
మోకాలు ఉడుకెత్తి, రొట్టె పిండిలా పొంగి,
రాత్రి దుప్పటి తగిలినా బరువే.
ఒక పూట మానేశాను. తర్వాత రెండు పూటలు.
తర్వాత ఒక మంగళవారం, చెప్పడానికి సిగ్గుగా ఉంది,
గుప్పెడు గింజలు ఒక్కసారిగా గిన్నెలో పోశాను.

ఒక్కో గింజ పడితే టిక్కుమంటుంది.
గుప్పెడు పడితే రేకు మీద వాన.
పక్క గదిలో ఇస్త్రీ పెట్టె ఒక్క క్షణం ఆగి
మళ్లీ కదిలింది.
ఆమె ఏమీ అనలేదు.

ఆ శనివారం సూపులో
క్యాబేజీ ఆకులు, నీళ్లు, అడుగున తొమ్మిది గింజలు.
దొంగ గింజలు ఎప్పుడు ఏరేసిందో తెలీదు.
కోపంగా తలెత్తాను.
ఎదురుగా తన గిన్నెలో
అవీ లేవు.
వేడిగా ఊదుకుంటూ
ఆ నీళ్లనే తాగుతోంది,
రోజంతా పరాయి చొక్కాలు ఇస్త్రీ చేసి వచ్చిన మనిషి.

మర్నాడు ఇంకా చీకటుండగానే లేచాను.
టిక్.
పళ్లు బిగబట్టి, టిక్.
ఒక వీధికి ఎన్ని రాళ్లు పడతాయో
నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.
లెక్కపెట్టుంటే మొదటి రాయి పెట్టేవాణ్ణే కాదు.
టిక్.

అక్టోబరుకి నూట పద్దెనిమిది.
ఇయొలాంద రెండుసార్లు కొలిచింది,
తన కొలబద్ద మీద నమ్మకం లేనట్టు.

అంతా బాగైపోయిందని చెప్పను.
మెట్లు దిగేటప్పుడు తీగ ఇంకా గొణుగుతుంది.
ఆ కాలి మీద ఎక్కువసేపు ఆనలేను.
బెల్మీరు నాకోసం పాత పెట్టె కోసి
జానెడు ఎత్తు పీట చేసిచ్చాడు.
దాని మీద కూర్చుని, ఒక కాలు చాపి,
నేను జారిన చోట నాలుగు రాళ్లు పీకి
మళ్లీ పేర్చాను, కాస్త గరుకుగా.

పూటకి ఇరవై ఇంకా నడుస్తున్నాయి.
శనివారం సూపు చిక్కగానే ఉంటోంది.
పోయిన వారం ఉప్పెక్కువైంది.
నేనేమీ అనలేదు.